రేవు దాటిన డేగపుంజు

కొత్తగా పశువుల ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అంటారు. అడ్డం తిరిగిన దూడను జోరువానలో బయటికి లాగిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి. అవన్నీ మా ఆవిడకు కంఠతా వచ్చు. ఎక్కడెక్కడ నేను కల్పించి చెబుతానో అది కూడా తెలుసు. కానీ నిజంగా మరిచిపోలేనిది చెప్పమంటే మాత్రం ఒక కోడిపుంజు గురించి చెప్పాలి. ఆ కథలో మందులవాణ్ణీ నేనే, రోగం మోసుకెళ్ళిందీ నేనే. అందుకే వాళ్ళు కాఫీ తాగడం అయ్యాక గానీ దాన్ని మొదలుపెట్టను.

ఉద్యోగానికి నేను కాంపౌండర్ని. కాగితాల మీద ఆ ఉద్యోగానికి పేర్లు చాలా మారాయి గానీ పని మారలేదు. సూది పట్టడం, మందు కలపడం, గేదె తన్నబోతే పక్కకు తప్పుకోవడం. ఊళ్ళో అందరూ నన్ను డాక్టరుగారనే పిలిచేవారు. నేనెప్పుడూ కాదనలేదు. అసలు డాక్టరు మా డాక్టరమ్మ. నాకంటే పాతికేళ్ళు చిన్న. ఆవిడ ఎదురుగా ఎవరైనా నన్ను "డాక్టరుగారూ" అంటే నాకు దగ్గు వచ్చేది.

రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుందనగా రామచంద్రపురం అవతల, గౌతమి గట్టు కింద ఒక ఊరికి బదిలీ అయ్యాను. ఊరికి ఎదురుగా ఏటి మధ్యలో ఒక లంక ఉంది. పంటు ఎక్కితే పావుగంట ప్రయాణం. ఆ లంక కూడా మా ఆసుపత్రి కిందికే వస్తుంది.

ఆ ఊరు వెళ్ళాక నేను ఒక డేగపుంజును కొన్నాను. ఎర్రటి ఈకలు, నల్లటి తోక, నడుస్తుంటే పెళ్ళికొడుకు తండ్రిలా నడిచేది. పందేలకు వెళ్ళే అలవాటు నాకు లేదు. ప్రభుత్వ ఉద్యోగిని, ఎలా వెళ్తాను? అందం కోసం పెంచుకుంటున్నానని చెప్పుకునేవాణ్ణి. అందం కోసమే రోజూ నానబెట్టిన బాదంపప్పులు పెట్టేవాణ్ణి. అందం కోసమే పొద్దున్నే కాలవలో ఈత కొట్టించేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు, "పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది, నాకెప్పుడైనా ఒక్క బాదంపప్పు నానబెట్టారా?" అని అడిగింది. నేను డేగ పప్పులు వలుస్తూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక సిగ్గుమాలిన విషయం చెప్పాలి. ఊరూరా తిరిగి కోళ్ళకు టీకాలు వేసేవాణ్ణి కదా, నా డేగకు మాత్రం వేయలేదు. రెక్క కింద సూది గుచ్చితే పుంజుకు ఎగిరే వాడి తగ్గిపోతుందని పందెగాళ్ళలో ఒక నమ్మకం ఉంది. "అదంతా మూఢనమ్మకం, నమ్మకండి" అని ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పి ఇంటికి వచ్చి, మా డేగ రెక్క ఎత్తి చూసి, పాపం అనుకుని దించేసేవాణ్ణి.

లంకలో కూడా టీకాలు పడలేదు. దానికి వేరే కారణం. ఆ మందు సీసా విప్పితే వంద కోళ్ళకు సరిపోతుంది. విప్పిన రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. లంకలో ఆ రోజుకు ఎన్ని కోళ్ళు దొరుకుతాయో తెలియదు, వంద చేరాక వెళ్దాంలే అని వాయిదా వేశాను. తరవాత ఏటికి నీళ్ళొచ్చాయి, పంటు ఆగింది. నీళ్ళు తీశాయి, నాకు జలుబు చేసింది. ఇలా గడిచిపోయింది.

ఆ లంకలో ఒకావిడ ఉండేవారు. పేరు రాయను, కోళ్ళావిడ అంటాను. భర్త భీమవరం వైపు రొయ్యల చెరువు మీద కాపలాకు ఉండేవాడు, నెలకోసారి వచ్చేవాడు. ఈవిడ కూరగాయల చేలల్లో కూలికి వెళ్తూ పెరట్లో పాతిక ముప్పై నాటుకోళ్ళు పెంచేవారు. అందులో అన్నీ ఆవిడవి కావు. సగం పాలికి వచ్చినవి. అంటే ఎవరో ఒక పెట్టను తెచ్చి ఇస్తారు, ఈవిడ సాకుతారు, పిల్లలైతే చెరి సగం. లంకలో ఆడవాళ్ళందరూ తమ పెట్టలను ఆవిడకే ఇచ్చేవారు. పొదుగుకు గుడ్లు పెట్టాలన్నా ఆవిడనే పిలిచేవారు. "ఆవిడ చెయ్యి మంచిదండి, ఆవిడ పెడితే మురిగిన గుడ్డు కూడా కూస్తుందండి" అని లంకలో ఒక మాట. ఆ పొగడ్తకు ఆవిడ తలొంచుకునేవారు గానీ కాదనేవారు కాదు. చేతికి మంచిపేరు ఉండటం అంటే ఆవిడకు ఆస్తి ఉన్నట్టే.

అలా ఉండగా మా ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి గురక పెట్టి, ఆకుపచ్చగా పారి, రెండు మూడు రోజుల్లో పోతాయి. వచ్చాక దానికి మందు లేదు. ముందే టీకా వేసి ఉండాలి.

మన వైపు ఒక అలవాటు ఉంది. ఊళ్ళో తెగులు అనగానే మంచి పుంజునో మంచి పెట్టనో గంపలో పెట్టి పక్కూళ్ళో చుట్టాలింటికి పంపేస్తారు. అక్కడైతే భద్రంగా ఉంటుందని. తెగులు కూడా అదే గంపలో కూర్చుని వెళ్తుంది. ఒక ఊళ్ళో ఆగిపోవాల్సిన రోగం అలా పది ఊళ్ళు తిరుగుతుంది. అందుకని డాక్టరమ్మ ఒక ఆటోకు మైకు కట్టించి, నా గొంతు గట్టిది కాబట్టి నా చేత రికార్డు చేయించారు.

"కోళ్ళు పెంచేవారికి విజ్ఞప్తి. మన ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులు సోకింది. దయచేసి ఎవరూ కోళ్ళను ఈ ఊరు దాటించవద్దు. చుట్టాల ఇళ్ళకు పంపవద్దు. పంపితే వాళ్ళ కోళ్ళను మీ చేతులతో మీరే చంపినట్టు."

చివరి వాక్యం డాక్టరమ్మ రాసింది కాదు. నా సొంతం. చాలా బాగా వచ్చిందని రెండుసార్లు వినిపించుకున్నాను.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పక్కింటి వాళ్ళ పెట్ట మా గోడ అవతల చచ్చి పడి ఉంది. మా డేగ గోడ మీద నిలబడి దాన్ని చూస్తోంది. మర్నాడు పొద్దున్నే డేగను కోళ్ళగంపలో పెట్టి, పైన నా రెయిన్‌కోటు కప్పి, రేవుకు తీసుకెళ్ళాను. లంకలో ఒక్క కోడికీ తెగులు లేదు కదా. నేను మందులవాణ్ణి కదా, నా పుంజు ఆరోగ్యంగా ఉందో లేదో నాకు తెలియదా? అందరూ ఇలాగే అనుకుంటారని ముప్పై ఏళ్ళుగా సభల్లో చెబుతూ వచ్చినవాణ్ణి నేనే.

పంటు మీద ఒకాయన, "ఏంటండీ డాక్టరుగారూ, ఆ గంపలో?" అన్నాడు.

"ఆసుపత్రి సామానండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే గట్టు మీద ఆటో వెళ్ళింది. నా గొంతు ఏరంతా వినిపిస్తోంది. "చుట్టాల ఇళ్ళకు పంపవద్దు. పంపితే వాళ్ళ కోళ్ళను మీ చేతులతో మీరే చంపినట్టు." ఆ చప్పుడుకు నా డేగకు హుషారొచ్చి, రెయిన్‌కోటు కింద నుంచి మెడ సాచి కొక్కొరోకో అని కూసింది.

ఆయన నా వైపు చూశాడు. "సామాను బాగా కూస్తోందండి" అన్నాడు. నేను ఏటి వైపు తిరిగి నిలబడ్డాను.

కోళ్ళావిడ ఏమీ అడగలేదు. "ఆరోగ్యంగానే ఉందమ్మా, నాలుగు రోజులు ఉంచు. ఎవరికీ చెప్పకు, ప్రభుత్వ ఉద్యోగిని, బాగోదు" అన్నాను. "అయ్యో, మీరంతగా చెప్పాలా అండి" అని మేకల సాలలో ఒక మూల దాన్ని కట్టేశారు. ఆవిడ కోళ్ళు చుట్టూ చేరి కొత్త పెళ్ళికొడుకును చూసినట్టు చూశాయి.

నాలుగు రోజులు కూడా ఉండలేకపోయాను. మూడో రోజే వెళ్ళి తెచ్చేసుకున్నాను. లంకలో డాక్టరమ్మ చూస్తారేమోనని ఒక భయం, అది లేకపోతే ఇల్లు బోసిగా ఉందని ఒక బెంగ. తెచ్చిన మర్నాడే డేగ గింజ ముట్టలేదు. నాకు తెలిసిన సేవంతా చేశాను. చెంచాతో జావ పోశాను. వీపు నిమురుతూ కూర్చున్నాను. మా అమ్మకు కూడా అంత సేవ చేయలేదని మా ఆవిడ అంది, అదీ నిజమే. చివరికి డేగ బతికింది. మెడ మాత్రం ఒక పక్కకు తిరిగిపోయింది. ముందుకు నడుస్తూ వెనక్కి చూసేది.

డేగ లేచి నిలబడ్డ రోజే కోళ్ళావిడ ఫోన్ చేశారు. "డాక్టరుగారూ, మూడు పెట్టలు రెక్కలు వేలాడేశాయండి. నోరు తెరుచుకుని గుర్రుగుర్రుమంటున్నాయండి. ఏం చేయమంటారండి?"

ఏం చేయమనాలో నాకేం తెలుసు? పరిగెత్తుకుని వెళ్ళాను. పది రోజుల్లో ఆవిడ పెరట్లో ఒక్క కోడి మిగల్లేదు. అక్కడి నుంచి లంకలో మరో ఆరేడు ఇళ్ళకు పాకింది. ఒక్కొక్క కోడిని పాతిపెడుతూ ఆవిడ, "ఇది ఫలానా వాళ్ళ పాలి పెట్టండి, ఇది ఫలానా వాళ్ళదండి, ఏమని చెప్పనండి వాళ్ళకి?" అని అడుగుతుంటే నేను సున్నం చల్లుతూ నిలబడ్డాను. "అమ్మా, నా పుంజు" అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఖాయంగా అదేనని ఎవరు చెప్పగలరు, ఇంకెలాగైనా వచ్చి ఉండొచ్చు కదా అని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

డాక్టరమ్మ కూడా అడిగారు. "అవతల గట్టున ఉన్న రోగం ఏరు దాటి లంకకి ఎలా వెళ్ళిందంటారు?"

"కాకులు తీసుకెళ్ళి ఉంటాయండి" అన్నాను.

ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూసి, "కాకులా" అన్నారు. పాపం కాకులు, అవి ఖండించలేవు కదా.

రోగం తగ్గింది. ఆ తరవాత మొదలైంది అసలు కష్టం. కోళ్ళావిడ పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. లంకలో ఆ ముసలమ్మ మాటే మాట. ఆవిడ తేల్చేసింది: "దాని పెరట్లోనే కదా మొదలైంది. దాని చేతికి ఏదో తగిలింది. చెయ్యి చెడిపోయింది." అంతే. పాలికి పెట్టను ఇచ్చేవాళ్ళు లేరు. పొదుగుకు పిలిచేవాళ్ళు లేరు. విత్తనాలు నాటే రోజుల్లో, "నువ్వు గట్టు మీద కూర్చో, నీ చేత్తో విత్తకు" అన్నారట ఒక చేలో. ఈ మాట ఆవిడ నాకు నవ్వుతూనే చెప్పారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పరిహారంగా నేను ఒక గొప్ప పథకం వేసుకున్నాను. నిజం చెప్పకుండా కోళ్ళు మాత్రం మళ్ళీ పెట్టించేస్తాను. అప్పుడు చెయ్యి మంచిదైపోతుంది, నేనూ మంచివాణ్ణయిపోతాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "కోళ్ళావిడతో మళ్ళీ మొదలుపెట్టిద్దామండి" అంటే ఆవిడ సంతోషించారు. ఎలా చేయాలో చెప్పారు. పాత గంపలు, గడ్డి తగలబెట్టాలి. సాలలో పైమట్టి జానెడు తీసి పాతేయాలి. సున్నం కొట్టాలి. రెండు నెలలు ఒక్క కోడి కూడా అక్కడ తిరగకూడదు. తరవాత తెగులు తగలని ఊరి నుంచి గుడ్లు, పెట్ట తేవాలి. పిల్లలైన ఏడో రోజుకు టీకా చుక్క పడాలి. చివర్లో ఆవిడ ఇంకో మాట అన్నారు. "అన్నిటికంటే ముఖ్యం, రోగం వచ్చి బతికిన కోడిని కొత్తవాటిలో కలపనివ్వకండి. బాగానే కనిపిస్తుంది గానీ దాని ఒంట్లో ఏముందో మనకు తెలీదు."

"చిత్తమండి" అన్నాను. మా పెరట్లో డేగ వెనక్కి చూస్తూ ముందుకు నడుస్తోంది.

కోళ్ళావిడ ఆ రెండు నెలలూ చెప్పింది చెప్పినట్టు చేశారు. మట్టి తీశారు. సున్నం ఎంత కొట్టారంటే మేకలు కూడా తెల్లబడ్డాయి. నేను వారానికోసారి వెళ్ళి చేతులు వెనక్కి పెట్టుకుని, "ఆ మూల ఇంకా కొట్టాలమ్మా" అని పెత్తనం చేసేవాణ్ణి. రెండు నెలలు దాటాక కొవ్వూరు అవతల ఒక ఊరి నుంచి పొదుగుకొచ్చిన పెట్టను, పదమూడు గుడ్లను తెప్పించాను. పొద్దుటి పంటుకు వాటిని పట్టుకుని బయలుదేరాను. ఈసారి గంప మీద ఏమీ కప్పలేదు. అడిగినవాడికీ అడగనివాడికీ, "కోళ్ళావిడకి కొత్తగా పెట్టిస్తున్నామండి" అని చెప్పాను. ధర్మదాతనన్న గర్వంతో నా ఛాతీ అంగుళం పెరిగింది.

పెరట్లో అంతా సిద్ధంగా ఉంది. కొత్త గంప, అడుగున ఇసుక, పైన ఎండుగడ్డి. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనుపమేకు, ఒక బొగ్గుముక్క. దడి అవతల నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు, ముందు వరసలో ఆ ముసలమ్మ. వసారాలో ఉయ్యాలలో ఒక పసిపిల్ల ఏడుస్తోంది. కోళ్ళావిడ కూతురు పురిటికి వచ్చిందట. కోళ్ళావిడ ఉయ్యాల పక్కనే నిలబడి కూడా పిల్లను ఎత్తుకోకుండా, "ఇదిగో అమ్మాయ్, పిల్ల ఏడుస్తోంది, వచ్చి ఎత్తుకో" అని లోపలికి కేక వేశారు. నేను పట్టించుకోలేదు.

"కానియ్యమ్మా, గుడ్లు పెట్టు" అన్నాను.

ఆవిడ కదల్లేదు. చేతులు కొంగులో చుట్టుకుని, "మీరు పెట్టండి డాక్టరుగారూ" అన్నారు.

"నేనెందుకమ్మా? ఇది నీ పని కదా."

"నా చెయ్యి వద్దండి. మీ చెయ్యి మంచిదండి. ఊరూరంతా పోయినా మీ పుంజు నిలబడింది కదండీ. మీ చేత్తో పెట్టండి."

"నడుం నొప్పమ్మా, వంగలేను" అన్నాను. ఆవిడ వెంటనే గంప ఎత్తి నా బొడ్డు దగ్గర పట్టుకున్నారు. "ఇలా పట్టుకుంటానండి. మీరు నిలబడే పెట్టేయండి." తప్పించుకోవడానికి ఇంకో జబ్బు దొరకలేదు. ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఆవిడ ఇంకో మాట అన్నారు.

"ఇంకొక్కటి అడుగుతానండి, కాదనకండి. పెట్టలు ఎదిగాక పుంజు కావాలి కదండీ. ఆ డేగనే ఇవ్వండి. రోగానికే లొంగలేదంటే అది మొండి ప్రాణమండి. దాని పిల్లలు నా పెరట్లో ఉంటే నాకు ధైర్యంగా ఉంటదండి."

సరే అంటే ఈ పెరటికి రెండోసారి నేనే చావు తెస్తాను. లేదు అంటే ఎందుకో చెప్పాలి. ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. ఎంత వెతికినా దొరకలేదు. నా సర్వీసంతా అబద్ధానికి తడుముకోని మనిషిని, ఆ ఒక్క రోజూ దొరకలేదు.

"అమ్మా" అన్నాను. "నా పుంజు ఇక్కడికి వచ్చేటప్పుడే రోగం పట్టుకొచ్చింది. మా పక్కింటి పెట్ట చచ్చాక, భయపడి దాన్ని తెచ్చి నీ సాలలో కట్టాను. దానికి టీకా కూడా వేయలేదు. నీ కోళ్ళు నీ చేతి వల్ల పోలేదు. నా చేతి వల్ల పోయాయి."

ఆవిడ గంపను నెమ్మదిగా కింద పెట్టారు. కొంగులో నుంచి చేతులు తీసి వాటిని చూసుకున్నారు, అరచేతులు, తిప్పి వెనక వైపు. తిడితే బాగుండునని నేను ఎదురుచూస్తున్నాను.

"అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఈ చెయ్యే కదా అనుకునేదాన్నండి" అన్నారు చివరికి. "మా అమ్మాయికి పురుడై ఇరవై రోజులైందండి. పిల్లని ఎత్తుకోలేదండి నేను. నా చెయ్యి తగిలితే దానికేమవుద్దో అని. ఇరవై రోజులండి."

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ లేదు, యాభై అయిదేళ్ళ పైబడ్డవాణ్ణి, చేతిలో కోడిగుడ్డు పట్టుకుని ఆడవాళ్ళందరి ముందూ ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. ఆవిడకు కోపం వచ్చింది.

"ఎవరికీ చెప్పొద్దన్నారు. మాటిచ్చానని మా ఆయనకి కూడా చెప్పలేదండి. లంకంతా నన్ను అంటుంటే నోరు మూసుకున్నాను. మీరు వారం వారం వచ్చి, ఆ మూల సున్నం కొట్టు, ఈ మూల సున్నం కొట్టు అన్నారు గానీ ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా అండి? మనిషి కాదా అండి మీరు?"

దడి అవతల నుంచి ముసలమ్మ, "ఏంటే? ఏమంటున్నాడే?" అని అరిచింది.

కోళ్ళావిడ నా వైపు తిరిగారు. "ఆవిడకి చెముడండి. గట్టిగా చెప్పండి. మైకులో చెప్పినట్టు చెప్పండి."

చెప్పాను. "నా పుంజు వల్లే లంకలో రోగం వచ్చింది. ఈవిడ చేతి వల్ల కాదు" అని అరిచాను. ఒకసారి చాల్లేదు. ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అంది. మళ్ళీ అరిచాను. మూడోసారికి చేలో పనిచేస్తున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

ముసలమ్మకు అప్పటికి అర్థమైంది. "ఓరి నీ అసాధ్యం కూలా!" అంది. "కోళ్ళు దాటించొద్దని ఊరంతా మైకులో అరిచింది నువ్వే కదంట్రా!"

నేను తలొంచుకున్నాను. ముసలమ్మ ఇంకా చాలా అంది. అవి అచ్చుకు పనికిరావు, కానీ ఒక్కటి కూడా అన్యాయంగా లేదు.

ఈ గొడవలో కోళ్ళావిడ చేతులు కడుక్కుని వచ్చి నా చేతిలో గుడ్డు తీసేసుకున్నారు. నేల మీద కూర్చుని పదమూడు గుడ్లూ ఒక్కొక్కటే గడ్డిలో సర్ది, పెట్టను పైన కూర్చోబెట్టి, వీపు మీద రెండుసార్లు నిమిరారు. తరవాత లేచి వసారాలోకి వెళ్ళి, ఉయ్యాలలో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకున్నారు. పిల్ల వెంటనే ఏడుపు మానలేదు. ఆవిడే మొదలుపెట్టారు ఏడవడం.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆవిడ విని, "అంటే కాకులు కాదన్నమాట" అన్నారు. మెమో ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. "ఇక నుంచి రైతుల మీటింగు ఎక్కడ జరిగినా ఈ కథ మీరే చెప్పాలి, మీ నోటితో" అన్నారు. మెమో నయం. రిటైరయ్యే దాకా చెబుతూనే ఉన్నాను. నేను లేవగానే వెనక బెంచీల్లో ఎవడో ఒకడు కొక్కొరోకో అనేవాడు.

డేగను అదే రాత్రి నా చేత్తోనే ముగించి, గొయ్యి తీసి సున్నం వేసి పాతాను. అంతకంటే ఎక్కువ రాయలేను. మర్నాడు మా ఆవిడ నా కాఫీ పక్కన నాలుగు బాదంపప్పులు పెట్టింది.

ఇరవై ఒకటో రోజుకు పదమూడులో పదకొండు పిల్లలయ్యాయి. ఏడో రోజు టీకా చుక్కకు వెళ్ళాను. వెళ్ళేసరికి పెరటి ముందు బారుగా ఆడవాళ్ళు, ఒళ్ళో బుట్టల్లో కోడిపిల్లలు. లంకలో ఉన్న పిల్లలన్నిటినీ పోగేసుకుని వచ్చారు. సీసా విప్పి, మందు కలిపి, మొదటి పిల్లను ఇమ్మని చెయ్యి చాపాను. ఎవరూ ఇవ్వలేదు.

"మందు మీరు కలపండి బాబూ" అంది ముసలమ్మ. "చుక్క మాత్రం దాని చేత్తో వేయించండి."

మూఢనమ్మకాల గురించి ఒక ఉపన్యాసం నాకు నోటికి వచ్చు. ఆ రోజు దాన్ని తీయలేదు. చుక్క ఎలా వేయాలో, కంట్లో ఎక్కడ పడాలో కోళ్ళావిడకు చూపించాను. రెండు పిల్లలకే నేర్చేసుకున్నారు. ఆవిడ వేస్తున్నారు, నేను పక్కన ఐసు డబ్బా మీద సీసా పట్టుకుని నిలబడ్డాను. అప్పటి నుంచి ఆ లంకలో అదే పద్ధతి. నేను రిటైరయ్యాక వచ్చిన కుర్రాడు కూడా సీసానే పట్టుకుంటున్నాడని విన్నాను.

నలభై పిల్లలకు చుక్క పడేసరికి ఆవిడ ముఖం కాస్త తేటపడింది. ఇదే అదననుకుని మెల్లగా అడిగాను. "ఇక నా మీద కోపం పోయిందా అమ్మా?"

ఆవిడ తలెత్తలేదు. చేతిలో పిల్ల కన్ను తెరిచి చుక్క వేసి, అది లోపలికి ఇంకిందో లేదో చూసి, బుట్టలో వదిలారు.

"కోపం ఎక్కడికి పోతదండి? కోళ్ళొచ్చాయి, అంతే" అన్నారు. "సీసా తిన్నగా పట్టుకోండి, ఒలుకుతోంది."